నిదానమునకు వేగము నేర్పిన ఉపాధ్యాయుడు

నిదానమను మాటకు మన వాడుకలో తొందరలేమి యని యర్థము. వైద్యశాస్త్రమున నది రోగనిర్ణయమునకు పేరు. మాధవనిదానమును గూర్చి పెద్దలు వినియే యుందురు. ఈ రెండర్థములును ఒక్కచోట కూడి, రోగనిర్ణయమే నిదానముగా సాగినచో రోగి గతి యేమి? ఆ చిక్కును తీర్చిన లూయీ విల్సను అను అమెరికా దేశస్థుని గూర్చి నేడు ముచ్చటింతును.

ఆయన 1866లో జన్మించెను. మొదట వైద్యుడు కాడు. మిన్నెసోటా రాష్ట్రమున సెయింట్ పాల్ నగరమందు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము బోధించెడి ఉపాధ్యాయుడు. ముప్పదియేండ్లు నిండవచ్చిన ప్రాయమున, 1896లో, వైద్యపట్టము పొందెను. నావంటి పంతుళ్లకిది కొంత గర్వకారణమే.

ఆ కాలమున ఒక స్త్రీకి రొమ్మున గడ్డ పుట్టినదనుకొనుడు. అది వట్టి గడ్డయో, మనవారు రాచపుండనెడి కాన్సరో పైకి తెలియదు. ముక్క కోసి, మందులలో నానవేసి, మైనమున పొదిగి, పలుచని పొరలుగా తరిగి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడవలెను. ఇందుకు దినములు పట్టును. మత్తులోనున్న రోగిని అన్ని దినములు బల్లమీద నుంచుట యెట్లు? కావున శస్త్రవైద్యుడు తన కంటిని, వ్రేళ్లను నమ్మి కత్తి పట్టెడివాడు. వట్టి గడ్డయని కుట్టివేసెనా, పిమ్మట కాన్సరని తేలినచో మరల మత్తు, మరల కోత. కాన్సరని భ్రమించి కోసెనా, నిరపాయమైన గడ్డకొరకు రొమ్మంతయు, దాని క్రింది కండరములతో గూడ, పోవును. పోయిన యంగమును మరల తెచ్చి యిచ్చువాడెవడు?

1905 జనవరిలో విల్సను రోచెస్టరు పట్టణమున మేయో సోదరుల వైద్యశాలలో చేరెను. రోగి బల్లమీద నుండగనే గడ్డ స్వభావమును తెలుపు నుపాయము కనుగొనుమని విలియం మేయో ఆయనను కోరెను. మాంసపు ముక్కను చలిచే బిగియించి తరుగుట అంతకుముందు లేకపోలేదు. 1891లోనే బాల్టిమోరున వెల్చి అను విద్వాంసుడు ప్రయత్నించెను. కాని గాజుపలక సిద్ధమగునప్పటికే శస్త్రచికిత్స ముగిసిపోయెను. విల్సనుకు ఆ యూరి చలియే తోడ్పడెను. ముక్కను కిటికీ వెలుపలి మంచుగాలిలో నుంచి రాయివలె చేసెనని చెప్పుదురు. డెక్స్ట్రిను అను జిగురుతో బిగించి తరిగి, మిథిలీన్ బ్లూ అను నీలిరంగు పట్టించి చూచెను. ఆ రంగు వచ్చి పట్టుటకు క్షణములే చాలును. కొలది నిమిషములలో శస్త్రవైద్యునికి జవాబు చేరెను. ఉపాధ్యాయుని గుణము గనుక, ఈ విద్యను దాచుకొనక అదే యేడు డిసెంబరున అమెరికా వైద్యసంఘపు పత్రికలో విధానమంతయు ప్రకటించెను.

తరువాత 1915 మొదలు 1937 వరకు మేయోవారి ఉన్నత వైద్యవిద్యాసంస్థకు అధిపతియై, మరల గురువృత్తిలోనే నిలిచి, 1943లో కాలధర్మము నొందెను.

నేడు చాలమందికి సూదితో తీసిన ముక్కను బట్టి శస్త్రచికిత్సకు ముందే రోగము తెలియుచున్నది. అయినను కోసిన యంచున కాన్సరు మిగిలెనా లేదా యని తెలియుటకు, వైద్యుడు కత్తి యాపి ఈ జవాబు కొరకే వేచియుండును. కిటికీకి బదులు ఇప్పుడు శీతలయంత్రము కలదు. చలిలో తరిగిన పొర మైనపు పొరయంత స్పష్టముగ నుండదు గనుక, మిగిలిన ముక్కను పాతపద్ధతినే మైనమున పొదిగి, తరువాత తీరికగా మరల చూతురు.