ఒజిబ్వేల సరస్సులు, చేపల కాలాలు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇలాంటి రోజున మన గురించి మనం చెప్పుకోవడం ఎలాగూ ఉంటుంది. నేను మాత్రం చాలా దూరాన ఉన్న మన చుట్టాల గురించి చెబుతాను. అమెరికాకు ఉత్తరాన, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఒజిబ్వేలు ఉన్నారు. తమను తాము అనిషినాబే అని పిలుచుకుంటారు. వాళ్లది సరస్సుల దేశం. వేల సరస్సులు, అన్నీ మంచినీళ్లవే. చలికాలం మొత్తం వాటి మీద మనుషులు నడిచి వెళ్లేంత గట్టిగా నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. అలాంటి చోట ఏడాది పొడవునా చేపలు ఎలా పట్టారు, ఆ పట్టే హక్కును ఎలా నిలబెట్టుకున్నారు, ఈ రెండూ మీకు తెలియాలని నా కోరిక.

వాళ్ల చేపల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుందనుకోండి. సరస్సు మీది గడ్డ పగిలి విడిపోతుంది. నీళ్లు ఇంకా చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉండగానే వాలై అనే చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గర రాళ్లున్న చోటికి వస్తుంది. వాళ్ల భాషలో దాని పేరు ఓగా. దాని కంట్లో వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. రాత్రి దీపం చూపితే పిల్లి కళ్లలా మెరుస్తాయి. ఆ మెరుపును చూసి పడవ మీద నుంచి బల్లెంతో పొడుస్తారు. పూర్వం బిర్చ్ చెట్టు బెరడుతో, పైన్ బంకతో దివిటీలు కట్టేవారు. ఇప్పుడు తలకు బ్యాటరీ లైటు. ఆ దివిటీలను చూసే ఫ్రెంచివాళ్లు ఒకచోటికి లాక్ దు ఫ్లాంబో, అంటే దివిటీ సరస్సు అని పేరు పెట్టారు. మన దగ్గర తొలకరికి చేప ఎదురెక్కినప్పుడు వాగులో మావులు పెట్టినవాళ్లకు ఆ రాత్రి సందడి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఎండాకాలంలో వలలు, గాలాలు. ఎండాకాలం చివర చేపల కంటే నీళ్లలో పండే అడవి ధాన్యం కోతకే పని ఎక్కువ. చలి మొదలయ్యాక తెల్లచేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుంది. అప్పుడు వలలతో పట్టి, ఎండబెట్టి, పొగబెట్టి దాచుకునేవారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చలికాలం వేట. గడ్డకు కన్నం కొట్టి, దాని మీద చిన్న గుడారమో దుప్పటో కప్పి, లోపల బోర్లా పడుకుంటారు. పైన చీకటైతే కింద నీళ్లు తేటగా కనిపిస్తాయి. చెక్కతో చెక్కి, రంగు వేసి, బరువు కోసం సీసం పోసిన బొమ్మ చేపను దారంతో నీళ్లలోకి దింపి, అది నిజంగా ఈదుతున్నట్టు ఆడిస్తారు. పెద్ద చేప దాన్ని చూసి వస్తుంది. బల్లెం సిద్ధంగా ఉంటుంది. గడ్డ కిందే వల వేయడం కూడా ఉంది. వరసగా కన్నాలు కొట్టి, పొడవాటి కర్రతో ఒక కన్నం నుంచి ఇంకో కన్నానికి తాడు నడిపి, ఆ తాడుతో వల లాగుతారు. ఆ బొమ్మ చేపలు ఇప్పుడు మ్యూజియంలలో కళాఖండాలుగా ఉన్నాయి. చేసినవాడికి మాత్రం అది కూడు పెట్టిన పనిముట్టు.

ఇక హక్కు సంగతి. 1837, 1842 ఒప్పందాల్లో ఒజిబ్వేలు భూమిని అమెరికా ప్రభుత్వానికి వదిలిపెట్టారు, కానీ ఆ భూమి మీద వేటాడే, చేపలు పట్టే హక్కును ఉంచుకున్నారు. రాష్ట్రం ఆ మాటను పక్కన పెట్టి, రిజర్వేషన్ దాటి చేప పడితే కేసులు పెట్టింది. 1974లో విస్కాన్సిన్‌లో ఇద్దరు అన్నదమ్ములు హద్దు దాటి బల్లెంతో చేపలు పట్టి అరెస్టయ్యారు. ఆ వ్యవహారం కోర్టులకెక్కి, 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పంద హక్కు ఇంకా బతికే ఉందని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినంత మాత్రాన గొడవ ఆగలేదు. తర్వాతి కొన్నేళ్లు వసంతకాలం రాత్రుల్లో పడవలు దిగే రేవుల దగ్గర జనం గుమిగూడి తిట్టారు, రాళ్లు రువ్వారు. ఒజిబ్వేలు పడవలు దించడం మానలేదు. మీరే చేపలన్నీ ఖాళీ చేస్తున్నారన్న నిందకు వాళ్లు చూపించిన జవాబు లెక్క. ఏ సరస్సులో ఎన్ని పట్టాలో ముందే నిర్ణయిస్తారు. రాత్రి పట్టిన ప్రతి చేపనూ రేవులోనే లెక్కిస్తారు, పెద్ద చేపలకు వేరే పరిమితి. కాగితం మీద ఒప్పందం ఎంత ముఖ్యమో, రేవులో ఆ పుస్తకం కూడా అంతే ముఖ్యమని నేను అనుకుంటాను.

ఇంకో సంగతి ఇంత గొప్పగా మొదలు కాలేదు. మిన్నెసోటాలో రెడ్ లేక్ ఉంది. అందులో చాలా భాగం అక్కడి ఒజిబ్వేలదే. 1917లో, యుద్ధం రోజుల్లో ఆహారం కొరతకని, అక్కడ అమ్మకానికి వలలతో చేపలు పట్టడం మొదలైంది. ఎన్నో ఇళ్లకు అదే ఆదాయం అయింది. 1990ల నడుమకు వచ్చేసరికి వాలై దాదాపు అయిపోయింది. తెగవాళ్ల వలలు, రాష్ట్రం భాగంలో బయటివాళ్ల గాలాలు, దొంగచాటు అమ్మకాలు, అందరి చేయీ అందులో ఉంది. 1997లో అక్కడి జాలరుల సంఘం వాళ్లే ఓటు వేసి వలలు ఆపేశారు. బయటి నుంచి ఎవరో వచ్చి ఆపించలేదు. 1999లో రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని ఇరువైపులా వాలై వేట మూసేశారు, కోట్ల కొద్దీ చేప పిల్లలను వదిలారు. 2006లో మళ్లీ తెరిచారు, అదీ మొదట గాలాలకే. ఆ మధ్య ఏళ్లలో ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఒక్కసారి ఆలోచించండి. హక్కు ఉండి కూడా వల దించకుండా ఉండటం కడుపు మాడ్చుకునే పని.

మన సంగతికి వస్తాను. మన చెరువుల్లో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి పైన తిరుగుతాయి, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపు కనిపించిందంటే పెద్ద చేప ఎక్కడుందో తెలిసినట్టే. దాన్ని పట్టేస్తే పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్లు, కరెంటు పెట్టేవాళ్లు అంత దూరం కూడా ఆలోచించరు. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ఆ మాట చాలా ఊళ్లలో చట్టం పుస్తకం దాటి రాలేదు.

మీలో ఫోన్ లేనివాళ్లు ఎవరూ లేరు. ఈ వానాకాలం మీ ఊరి చెరువులో ఏ చేప ఎప్పుడు ఎదురెక్కింది, కొర్రపిల్లలు ఏ వారం కనిపించాయి, ఎవరు ఏ వలతో ఎంత పట్టారు, తేదీ వేసి రాయండి. తాతలను, నాయనమ్మలను అడిగి పాత పేర్లు, పాత కట్టుబాట్లు కూడా రాయండి. వచ్చే గ్రామసభకు ఆ పుస్తకం పట్టుకుని వెళ్లండి. చెరువు పాట గురించి మాట వచ్చినప్పుడు దాన్ని తెరిచి చూపించండి.