మజ్లిస్ చిన్నదైనా మనవాళ్లు మరుగున పడకూడదు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మస్జిదులో పదిమంది ఎదుట సాదాగా నిఖా చేసుకోవడం మంచి పద్ధతి. అప్పుండదు, ఆర్భాటముండదు. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మందికి మించరాదన్నప్పుడు కూడా నిఖాలు నిండుగానే జరిగాయి. కాని రాలేనివారి మాటేమిటి? దుబాయిలో ఉన్న అబ్బా, పాశమైలారం ఫ్యాక్టరీలో సెలవు దొరకని అన్న, మంచం పట్టిన నానీ వీళ్లంతా పరాయివాళ్లా?

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో పెళ్లి చేసుకున్న సంగతి దైవప్రవక్త (స) వారికి ఆయన మీది పసుపుపచ్చని మరక చూసి అడిగితేనే తెలిసింది. నన్ను పిలవలేదేమని నిష్ఠూరమాడలేదు. బర్కత్ కోసం దుఆ చేసి, ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వమన్నారు. నిఖాకు రానివారిని కలుపుకునే చోటు వలీమాయే.

హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) నిఖా హబషాలో జరిగినప్పుడు వరుడైన ప్రవక్త (స) మదీనాలో ఉన్నారు. ఆయన కబురు అందుకుని నజాషీ రాజు నిఖా జరిపించి, మహర్ తానే చెల్లించి, వచ్చినవారికి భోజనం పెట్టారు.

ఇప్పుడు వీడియో కాల్ ఉంది. దూరాన ఉన్న తండ్రి చూడవచ్చు, దుఆ చేయవచ్చు. పెళ్లికొడుకే దూరాన ఉంటే మాత్రం ఫోనులో ఖుబూల్ అనిపించి ఊరుకోవద్దు. 1990లో జిద్దాలో సమావేశమైన ఫిఖహ్ అకాడమీ, అలాంటి సాధనాలతో చేసుకునే ఒప్పందాలను అంగీకరిస్తూనే నిఖాను మినహాయించింది. నిఖాకు సాక్షులు కావాలి గనుక. అతను ఇక్కడ ఒకరిని వకీలుగా పెట్టుకుని, సాక్షులెదుట ఈజాబ్-ఖుబూల్ జరిపించాలి. ఖాజీగారిని ముందే అడగండి.

తేదీ పెట్టకముందే రాలేనివారికి చెప్పండి. దుఆలో వారి పేర్లు తలవండి. పెళ్లిబట్టలతోనే నానీ మంచం దగ్గరికి వెళ్లి సలాం చేయండి. చనిపోయినవారి పేర ఒక పేదవానికి అన్నం పెట్టండి.

చివరిగా ఒక కష్టమైన మాట. ఇంట్లో ఒప్పుకోలేదని ఇద్దరు సాక్షులతో నిఖా చేసుకుని వెళ్లిపోయే పిల్లలున్నారు. వయసొచ్చిన పిల్లలను ఇష్టం లేని పెళ్లికి బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. కాని బిడ్డలారా, పిలవలేకపోతే పోనీ, దాచకండి. అమ్మీ ఆ కబురు పక్కింటివాళ్ల నోట వినకూడదు, మీ నోటనే వినాలి. తల్లిదండ్రులారా, ఆ ఫోను వస్తే పెట్టేయకండి. కోపముంటే కోపంతోనే మాట్లాడండి, కాని మాట్లాడండి. తెగిన మాట అతకడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి నానీ ఉంటుందో ఉండదో!

వస్సలాం.