పీఎల్‌సీ నుంచి వీఎఫ్‌డీకి ఫ్రీక్వెన్సీ ఇవ్వడం: కేబుల్ తెగితే మోటార్ ఏం చేస్తుంది?

పోయిన ఎపిసోడ్‌లో 0-10 వోల్ట్ అనలాగ్ సిగ్నల్‌తో డ్రైవ్ స్పీడ్ ఎలా మార్చాలో చూశాం కదా. ఈ రోజు అదే పని ఆర్‌ఎస్-485 కేబుల్ మీద, మోడ్‌బస్‌తో చేద్దాం. నా దగ్గర డెల్టా డీవీపీ పీఎల్‌సీ, వీఎఫ్‌డీ-ఈఎల్ డ్రైవ్ ఉన్నాయి.

ముందుగా వైరింగ్. పీఎల్‌సీలో డి ప్లస్, డి మైనస్ ఉంటాయి. డ్రైవ్‌లో ఎస్‌జీ ప్లస్, ఎస్‌జీ మైనస్ ఉంటాయి. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, అంతే. షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ వాడండి. మోటార్ పవర్ కేబుల్ పక్కనే మాత్రం లాగకండి.

ఇక డ్రైవ్ పారామీటర్లు. ఫ్రీక్వెన్సీ ఎక్కడి నుంచి రావాలో చెప్పేది 02.00, అందులో 3 పెట్టాలి. రన్, స్టాప్ ఎక్కడి నుంచో చెప్పేది 02.01, అందులోనూ 3. అడ్రస్ 09.00లో 1. స్పీడ్ 09.01లో 1, అంటే 9600. 09.04లో 4 పెడితే ఆర్‌టీయూ, 8 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్. ఇదే సెట్టింగ్ పీఎల్‌సీలో కూడా ఉండాలి: డి1120లో హెక్స్ 87 వేసి, ఎం1120, ఎం1143 ఆన్ చేయాలి. రెండు వైపులా ఒకటే భాష లేకపోతే మాట కలవదు.

ఇప్పుడు అసలు విషయం. డ్రైవ్‌లో హెక్స్ 2001 రిజిస్టర్ ఫ్రీక్వెన్సీకి, 2000 కమాండ్‌కి. 2000లో 18 రాస్తే ఫార్వర్డ్ రన్, 1 రాస్తే స్టాప్. ఫ్రీక్వెన్సీని 0.01 హెర్ట్జ్ లెక్కన రాయాలి. 35 హెర్ట్జ్ కావాలంటే 3500 రాయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. 35 అని రాస్తే డ్రైవ్‌కి అది 0.35 హెర్ట్జ్. మోటార్ కదలదు, మనం వైరింగ్ తప్పేమో అని వెతుక్కుంటూ కూర్చుంటాం. 4 పోల్ మోటార్‌కి 50 హెర్ట్జ్ దగ్గర సింక్రనస్ స్పీడ్ 1500 ఆర్‌పీఎం, 35 దగ్గర 1050.

ప్రోగ్రామ్‌లో ఎం1122 సెట్ చేసి మోడ్‌రైట్ ఇన్‌స్ట్రక్షన్ నడపాలి. పని అయ్యాక ఎం1127 ఆన్ అవుతుంది, దాన్ని రీసెట్ చేసి తర్వాతి దానికి వెళ్లాలి. 2000, 2001 రెండింటికీ ఒకేసారి పంపొద్దు. లైన్ ఒకటే కాబట్టి వంతుల వారీగా పంపాలి.

ఇంతవరకు చాలా వీడియోల్లో చెప్తారు. ఇకపై చెప్పేది నాకు అనుభవం మీద తెలిసింది. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో కన్వేయర్‌కి ఇలాగే చేశాను. నెల రోజులు బాగా నడిచింది. ఒకరోజు ఆపరేటర్ ఫోన్: "సార్, స్క్రీన్ మీద స్టాప్ కొట్టినా బెల్ట్ ఆగుతలేదు!" ట్రేలో ఎలుక కేబుల్ కొరికేసింది. డ్రైవ్‌కి చివరగా అందిన నంబర్ 3500. దాన్నే పట్టుకుని అది నడుస్తూనే ఉంది. పైగా నేను 02.01లో 4 పెట్టాను, అంటే కీప్యాడ్ స్టాప్ కూడా పనిచేయదు. మెయిన్ బ్రేకర్ దింపితే గానీ ఆగలేదు. అదృష్టం, బెల్ట్ దగ్గర ఎవరూ లేరు. తప్పు ఎలుకది కాదండీ, నాది.

ఆలోచించండి. 0-10 వోల్ట్ వైర్ తెగితే రిఫరెన్స్ సున్నాకి పడిపోతుంది, మోటార్ నెమ్మదిస్తుంది. కమ్యూనికేషన్‌లో అలా కాదు, పాత నంబర్ అలాగే ఉండిపోతుంది. ఈ డ్రైవ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు 09.03 సున్నా, అంటే టైమ్ అవుట్ చూడదు. 09.02 కూడా 3, అంటే హెచ్చరిక లేకుండా నడుస్తూనే ఉంటుంది.

అందుకే 09.03లో 2 సెకన్లు, 09.02లో 1 పెట్టండి. రెండు సెకన్లు మాట వినపడకపోతే సీఈ10 చూపించి ర్యాంప్‌తో ఆగిపోతుంది. అయితే పీఎల్‌సీ కూడా ఊరుకోకూడదు. స్పీడ్ మారకపోయినా అర సెకనుకోసారి హెక్స్ 2103 నుంచి అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ చదువుతూ ఉండాలి. లేకపోతే కేబుల్ బాగున్నా ట్రిప్ అవుతుంది. ఎమర్జెన్సీ పుష్ బటన్ మాత్రం ఎప్పుడూ వైర్ ద్వారా నేరుగా కాంటాక్టర్‌కే వెళ్లాలి, మోడ్‌బస్ మీద వదిలేయొద్దు.

చివరగా ఒక పని చేయండి. మెషిన్ అప్పగించే ముందు, లోడ్ లేకుండా 10 హెర్ట్జ్‌లో నడిపి, కమ్యూనికేషన్ కేబుల్ మీ చేత్తోనే పీకేయండి. మోటార్ ఆగితేనే సంతకం పెట్టండి. ఆగకపోతే ఆ పని ఇంకా పూర్తి కానట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో ఒకే లైన్ మీద మూడు డ్రైవ్‌లు ఎలా నడపాలో చూద్దాం. డౌట్లు ఉంటే అడగండి. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.