కంప్యూటరు వచ్చిన పెట్టె
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



ఈ బడి డెబ్బదియైదు సంవత్సరముల చరిత్రను పెద్దలు నాకంటె ముందే చెప్పియున్నారు. తమిళసీమలో, ఈ ధర్మపురిలో, ఒక తెలుగు బడి ఇన్నాళ్లు నిలిచిన తీరును వారి నోట వినుటయే సబబు. నేను చెప్పదలచినది చిన్న విషయము. పూర్వ విద్యార్థులు జూబిలీ కానుకగా మనకు పది కంప్యూటర్లు ఇచ్చినారు. అందుకు కృతజ్ఞత చెప్పుట నా విధి. వాటితో బాటు వచ్చిన పెట్టెలను గూర్చి చెప్పుట కూడ నా విధియే అని తోచినది. దాతలు మరొక విధముగా భావింపరని నమ్ముచున్నాను.

పది కంప్యూటర్లు పది బల్లల మీద చక్కగా ఇమిడినవి. అవి వచ్చిన పెట్టెలకు మాత్రము ఒక తరగతి గది చాలలేదు. మానిటరుకొక పెట్టె, యంత్రమునకొక పెట్టె, కీబోర్డుకు, మౌసుకు వేరు పెట్టెలు. ఒక్కొక్క పెట్టెలో ఇరుప్రక్కల థర్మోకోల్ దిమ్మలు, నడుమ అట్ట మడతలు, పైన ప్లాస్టిక్ తొడుగు. మూరెడు తీగకు కూడ విడిగా ఒక సంచి, దానికొక ముడి. పెట్టెకొక సూచనల పుస్తకము. అందులో ఇరువదికి పైగా భాషలున్నవి. ఏడవ తరగతి పిల్లలు పుట పుటయు తిరుగవేసి వెదకినారు. తెలుగు లేదు, తమిళము కూడ లేదు. చదువనేరని పుస్తకమును పదిసార్లు మనకు పంపినారు!

అటుపిమ్మట బడిలోని పాత కంప్యూటరొకదానికి మెమరీ కార్డు కావలసి వచ్చి తెప్పించితిమి. రెండు వేళ్ల వెడల్పు, జానెడుకన్న తక్కువ పొడవు గల పలక అది. వచ్చిన పెట్టెలో మన బడికి సంవత్సరమునకు సరిపడు సుద్దముక్కలు పట్టును. పెట్టె నిండ గాలి నింపిన సంచులు; వాటి నడుమ మరొక చిన్న పెట్టె; దానిలో కత్తెరకు లొంగని గట్టి ప్లాస్టిక్ చిప్ప; ఆ చిప్పలో వెండిరంగు సంచి; ఆ సంచిలో కార్డు.

ఇందులో న్యాయము చెప్పవలెనన్న, ఆ వెండిరంగు సంచి అవసరమే. చలికాలమున ఉన్ని బట్ట విప్పునప్పుడు చిటపటమని వినబడు స్థిరవిద్యుత్తు మనందరి చేతులలోను ఉండును. మనకు తెలియనంత స్వల్పమైన తాకిడికే కంప్యూటరు చిప్పులు చెడిపోగలవు. అందుచేత లోహపు పూతగల ఆ సంచిలో వాటిని భద్రపరతురు. మానిటరునకు దెబ్బ తగులకుండ మెత్తని ఆధారము ఉండవలెననుట కూడ నిజమే. అయితే గాలి సంచులు, రెండవ పెట్టె, గట్టి చిప్ప ఎవరి కొరకు? చిప్ప అంగడిలో దొంగతనము జరుగకుండుటకు, వస్తువు పెద్దదిగా కనబడుటకు. పెద్ద పెట్టె గిడ్డంగిలో నాలుగైదు కొలతల పెట్టెలే ఉంచుకొనుట వలన. ఒక్క యంత్రము పగిలిన నష్టము అమ్మువానిది. పెట్టె ఖర్చు కొనువానిది. ఆ పెట్టెను పారవేయు బాధ్యత ఎవరిదో ఎవరి లెక్కలోను లేదు.

మన బడిలో ఆ బాధ్యత నా మీద పడినది. నేను దానిని సరిగా నిర్వహింపలేదు. అట్టపెట్టెలను పాత కాగితముల అంగడివారు తూకమునకు తీసికొనిపోయినారు. థర్మోకోల్‌ను వారు ముట్టలేదు. అది నూటికి 98 పాళ్లు గాలియే. బండి నిండ వేసినను తూకములో ఏమియు రాదు. ఎవరికి గిట్టుబాటగును? సభకు అతిథులు వచ్చు దినములు దగ్గరపడినవి. “ఆ చెత్త కనబడకుండ చేయుము” అని కావలివానితో అన్నది నేనే. అతడు మరునాడు బడి వెనుక గోడ ప్రక్కన దానికి నిప్పు పెట్టినాడు. నల్లని మసి లేచి ఆరవ తరగతి కిటికీల లోనికి వచ్చినది. పిల్లలు దగ్గుచు బయటికి పరుగెత్తినారు. ఉబ్బసము గల ఒక బాలికను తల్లి వచ్చి ఇంటికి తీసికొనిపోవలసి వచ్చినది. ఆ తల్లి ఈ సభలోనే ఉన్నారు. ఆమె నన్ను ఒక్క మాటయు అనలేదు. అని ఉన్న నాకు కొంత తేలికయ్యెడిది.

బహిరంగ ప్రదేశమున చెత్త కాల్చుటను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న నిషేధించినది. కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తములో కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా అని నిర్ణయించినది. ఆ లెక్కన నేను దోషినే. అట్లని పంపినవారికి ఏమియు సంబంధము లేదా అను ప్రశ్న నన్ను విడువలేదు.

తమిళనాడులో 2019 జనవరి 1 నుండి పదునాలుగు రకముల ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు నిషిద్ధములు. 2021 డిసెంబరు 23న ‘మీండుం మంజప్పై’, అనగా ‘మళ్లీ పసుపు సంచి’ అను ఉద్యమము ఆరంభమైనది. మన పిల్లలు గుడ్డసంచులు తెచ్చుచున్నారు, సంతోషము. కాని ఆ పదునాలుగింటిలో థర్మోకోల్ పళ్లెము, కప్పు ఉన్నవి. కంప్యూటరు ప్రక్కన వచ్చు థర్మోకోల్ దిమ్మ లేదు. పూలమ్మి చేతి సంచిని పట్టుకొను చట్టమునకు ఆ దిమ్మ కనబడలేదు.

తయారీదారులపై బాధ్యత అసలే లేదని కాదు. కేంద్ర ప్రభుత్వము 2016లో చేసిన ప్లాస్టిక్ వ్యర్థముల నియమములు, 2022 ఫిబ్రవరి 16న చేర్చిన మార్గదర్శకములు తమ ప్లాస్టిక్ ప్యాకింగుకు కంపెనీలే బాధ్యులని చెప్పుచున్నవి. ఆ బాధ్యత తీర్చు విధమేమనగా, ఇన్ని టన్నులు తిరిగి వాడుకలోనికి తెచ్చితిమని రీసైక్లింగు చేయువారి నుండి పత్రము పొందుట. లెక్క తూకములో ఉన్నది. ఏ ఊరి ప్లాస్టిక్ అయినను సరియే. తూకము తూగని థర్మోకోల్ కొరకు ధర్మపురికి ఎవరు వచ్చెదరు?

నా చిన్నతనమున మా వీధికి గాజులవాడు వచ్చెడివాడు. భుజమున మలారము, దానిలో డజన్ల కొలది గాజు గాజులు. పగులు వస్తువులలో గాజును మించినది ఏమున్నది? త్రాటికి గుచ్చి, గుడ్డ చుట్టి, ఎండలో పది పల్లెలు నడిచి అమ్మెడివాడు. మా అమ్మ చేతికి గాజులు వేసి, ఖాళీ త్రాటిని మడచి తిరిగి మలారములో పెట్టుకొనెడివాడు. గోనెసంచియు అంతే, సోడాబుడ్డియు అంతే. అమ్మినవాడు తన సామగ్రిని తాను తీసికొనిపోవుట మర్యాద కాదు, అది అతని సొత్తు. సొత్తు గనుక గట్టిగా, కొద్దిగా చేసికొనెడివాడు.

పెద్ద కంపెనీలకు ఇది చేతకాదని అనుకొనరాదు. 2008లో అమెరికాలో వాల్‌మార్ట్ సంస్థ పెట్టిన పోటీకి హెచ్.పి. కంపెనీ తన ల్యాప్‌టాప్‌ను అట్టపెట్టెకు బదులు భుజమునకు తగిలించుకొను సంచిలోనే పెట్టి అమ్మినది. ప్యాకింగు 97 శాతము తగ్గినదని ప్రకటించినది. డెల్ కంపెనీ 2009లో వెదురుతో చేసిన మెత్తలను, 2011లో పొట్టును పుట్టగొడుగు పోగులతో అల్లిన దిమ్మలను వాడుదుమని చెప్పినది. అవి మట్టిలో కలియునవి. మన కొండప్రాంతములలో వెదురునకు కొదువ లేదు గదా! జర్మనీ ప్రభుత్వము 1991లోనే ప్యాకింగును తయారుచేసినవారు, అమ్మినవారు తిరిగి తీసికొనవలెనని ఉత్తర్వు చేసినది. పైపెట్టెను అంగడిలోనే వదలివచ్చు హక్కు అక్కడి కొనుగోలుదారునకు కలిగినది. పెట్టె తిరిగి తన మీదికే వచ్చునని తెలిసిన అంగడివాడు పెద్ద పెట్టె అడుగునా?

ఆ హక్కు కాగితము మీద మనకు లేదు. కావున అడిగి తీసికొనవలసి యున్నది. గత మాసమున బడికి ఒక ప్రింటరు కొనునప్పుడు, మా ఊరి అంగడివారికి ఆర్డరులోనే ఒక వాక్యము వ్రాసి ఇచ్చితిని: “యంత్రమును బడిలో అమర్చి, పెట్టెను, లోపలి దిమ్మలను మీరే తీసికొనిపోవలెను.” ఆయన మొదట నవ్వినారు. పిదప, మరమ్మతుకు పంపు యంత్రములకు దిమ్మలు తమకు ఎప్పుడును చాలవని చెప్పి తీసికొనిపోయినారు. నేను ముందే అడిగియుండిన ఆరవ తరగతి కిటికీలు నల్లబడెడివి కావు. ఇకముందు ఈ బడికి ఎవరు ఏ యంత్రము కానుకగా ఇచ్చినను ఆ వాక్యము చేర్చి ఇండని ప్రార్థన.

కాలిపోగా మిగిలిన రెండు జతల థర్మోకోల్ దిమ్మలు నా గదిలో అలమారు మీద ఉన్నవి. హోసూరులోను, బెంగుళూరులోను కంప్యూటరు కంపెనీలలో పనిచేయుచున్న మన పూర్వ విద్యార్థులు భోజనముల అనంతరము ఒకసారి నా గదికి రావలెను. ఆ రెండు జతలను మీలో ఎవరైన మీ కార్యాలయమునకు తీసికొనిపోయి, ప్యాకింగు నిర్ణయించువారి బల్ల మీద పెట్టి, ఇవి ధర్మపురిలోని తెలుగు బడి నుండి వచ్చినవని చెప్పుడు. బస్సులో కొంచెము చోటు పట్టును; బరువేమియు ఉండదు.