దమ్ము పెరిగిందా? చేతి గడియారం చెప్పేది, చెప్పనిది
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మేము పొద్దస్తమానం ఉర్దూలో లెక్కలు చెప్పుకునే బడిపంతుళ్లం. తెలుగులో మాట్లాడమని కార్యదర్శి గారి ఆజ్ఞ. ఎక్కడైనా ఒత్తు జారితే పిల్లలు నవ్వుకోవచ్చు, పెద్దలు మన్నించగలరు.

ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు పక్కన తెల్లవారుజామున నడిచే మా జట్టు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఏడుగురం. ఇద్దరికి షుగర్, ముగ్గురికి బి.పి., మిగిలిన వాళ్లకు ఆ రెండూ వస్తాయేమోనన్న భయం. జట్టులో ఒక భాయ్ సాబ్ ఉన్నారు. పేరు చెప్పము, ఈ సభలోనే కూర్చున్నారు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వారి అబ్బాయి నాయనకు ఒక స్పోర్ట్స్ వాచీ కొనిచ్చాడు. డిసెంబరులో అది ఆయన దమ్ము 34 అని చూపింది. ఫిబ్రవరికి 37 అయింది. ఆ రోజు ఇరానీ హోటల్లో అందరికీ ఆయనే టీ తాగించారు. మే నెల వచ్చేసరికి వాచీ మళ్లీ 34కు దిగింది. అయిదు నెలల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైందని భాయ్ సాబ్ నడక మానేశారు. వర్షాలు పడ్డాక షుగర్ పరీక్షకు వెళితే, కాగితంలో అంకె చూసి డాక్టరు గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారట.

తప్పు ఆయనది మాత్రమే కాదు. 37 వచ్చినప్పుడు ముబారక్ చెప్పి టీ తాగిన వాళ్లం మేమూ ఉన్నాం. లెక్కల మాస్టరు అయి ఉండి, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నదే ఇవాళ చెప్పబోతున్నాం.

మనం దమ్ము అనే దానికి శాస్త్రంలో వి.ఓ.టూ మ్యాక్స్ అని పేరు. అనగా, శరీరం శక్తి కొద్దీ శ్రమించేటప్పుడు ఒక్కో కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకోగలదో ఆ లెక్క. 70 కిలోల మనిషికి 35 వచ్చిందంటే నిమిషానికి దాదాపు రెండున్నర లీటర్లన్న మాట. ఇంగ్లండులో ఏ.వి. హిల్ అనే శాస్త్రవేత్త 1920ల్లో దీన్ని పరిశోధించారు. సరిగ్గా కొలవాలంటే మూతికి తొడుగు కట్టి, కదిలే పట్టీ మీద పరుగెత్తించి, లోపలికి వెళ్లే గాలినీ బయటికి వచ్చే గాలినీ యంత్రంతో పరీక్షించాలి.

మరి వాచీకి మన ఊపిరి ఎలా తెలుస్తుంది? తెలియదు. దాని అడుగున పచ్చని దీపం ఉంటుంది. ఆ వెలుగు చర్మంలోకి వెళ్లి రక్తం పొంగినప్పుడు ఒక రకంగా, తగ్గినప్పుడు మరో రకంగా తిరిగి వస్తుంది. దాన్ని బట్టి నాడిని లెక్కిస్తుంది. ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో మన వేగం తెలుసుకుంటుంది. ఇంత వేగానికి ఇంత నాడి కొట్టుకుంటే దమ్ము ఇంత ఉండవచ్చునని అంచనా వేస్తుంది. ఇది మంచి అంచనాయే, కానీ అంచనాయే.

ఈ అంచనా తప్పడానికి దారులు చాలా ఉన్నాయి. పట్టీ వదులైతే వెలుగు పక్కకు జారుతుంది. చలికాలం పొద్దున చర్మానికి రక్తం తక్కువగా వస్తుంది. ఒక్కోసారి వాచీ మన అడుగుల తాళాన్నే నాడి అనుకుంటుంది. ఒక జనవరిలో గేటు దాటగానే మా చేతికి 168 చూపింది, మేమేమో నింపాదిగా కబుర్లు చెప్పుకుంటున్నాం! ఎత్తయిన అపార్టుమెంట్ల మధ్య నడిస్తే ఉపగ్రహ సంకేతం గోడలకు కొట్టుకుని దూరం తారుమారవుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు గరిష్ఠ నాడిది. మనం చెప్పకపోతే చాలా వాచీలు 220లోంచి వయస్సు తీసేస్తాయి. 46 ఏళ్లకు 174. కానీ ఒకే ఈడు వాళ్లలో అసలు అంకె పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. అసలు 186 ఉన్న మనిషిని 174 అనుకుంటే, వాచీ ఆయన దమ్మును తక్కువ చేసి చెబుతుంది.

ఇక భాయ్ సాబ్ విషయం. మే నెల ఎండలో శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పోవాలి, చెమటతో నీరు తగ్గుతుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు నడిచినా ఇంతే. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చి పోయినా ఇంతే. వాచీకి కనబడింది పెరిగిన నాడి. అది దమ్ము తగ్గిందని రాసుకుంది. ఆయన గుండె అలాగే ఉంది, మారింది ఎండ.

ఇప్పుడు లెక్క చూడండి. ఇలాంటి వాచీలకు అంచనా తయారుచేసే ఫిన్లాండు కంపెనీ ఫస్ట్‌బీట్ చెప్పుకున్న సగటు తేడాయే సుమారు 5 శాతం. 35 మీద అది దాదాపు 2. నడకకు కొత్తయిన నడివయస్సు మనిషి కొన్ని నెలలు క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తే సాధారణంగా పెరిగేది 10 నుంచి 20 శాతం, అనగా 35 కాస్తా 38 పైన, మహా అయితే 42. అదీ నెలల మీద. వారానికి వచ్చేది ముక్కలో ముక్క. కట్టెలు తూచే కాటాలో ముక్కుపుడక వేసి, నిన్నటికన్నా బరువు తగ్గిందని ఏడ్చినట్లుంది మన పని.

పైగా అందరికీ ఒకేలా పెరగదు. అమెరికాలో 1990ల్లో హెరిటేజ్ అనే పరిశోధనలో కుటుంబాలకు కుటుంబాలనే తీసుకుని 20 వారాలు ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించారు. కొందరికి బాగా పెరిగింది, కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు. ఇంకో మాట. నడివయస్సు దాటాక వ్యాయామం లేని మనిషికి పదేళ్లకు సుమారు 10 శాతం దమ్ము తరిగిపోతుంది. రెండేళ్లు అంకె కదలకుండా ఉందంటే దుకాణం నష్టంలో లేదన్న మాట!

వాచీ లేని వాళ్లు చిన్నబుచ్చుకోనక్కరలేదు. అమెరికా వైమానిక దళంలో డాక్టరు కెన్నెత్ కూపర్ 1968లో 12 నిమిషాల పరుగు పరీక్ష పెట్టారు. ఎన్ని మీటర్లు పోయారో చూసి, అందులోంచి 505 తీసేసి 45తో భాగిస్తే దమ్ము ఉజ్జాయింపుగా వస్తుంది. 2000 మీటర్లకు 33. మైదానం, ఈల ఉంటే చాలు. కానీ ఇది శక్తి కొద్దీ చేసే పరుగు కాబట్టి బడి పిల్లలకు సరే, బి.పి., షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు. మన హైదరాబాదు బడిపంతులే అయిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెప్పించారు. నాడి చూపే వాచీని ఫిన్లాండు పోలార్ కంపెనీ తెచ్చింది 1982లో, అదీ ఛాతీకి పట్టీ కట్టుకుంటేనే. పంతుళ్ల గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే మేము వదలం.

మా ఇంట్లోవారు ఇంకా సులువైన దారి పట్టారు. అపార్టుమెంటు మెట్లు మూడంతస్తులు ఎక్కి, వెంటనే ఒకసారి, నిమిషం ఆగి మరోసారి నాడి చూసుకుంటారు. ఆ నిమిషంలో ఎన్ని దెబ్బలు తగ్గాయో వంటింటి క్యాలెండరు మీద రాస్తారు. దమ్ము బాగుపడే కొద్దీ నాడి తొందరగా దిగుతుంది.

మా జట్టు ఇప్పుడు చేసేది ఇది. ప్రతి ఆదివారం అదే వేళ, అదే స్తంభం నుంచి అదే స్తంభం దాకా, నాడి 120 దగ్గర ఉంచుకుంటూ నడుస్తాం. ఎంతసేపు పట్టిందో హాజరు పట్టీలా గీతలు గీసిన నోటుపుస్తకంలో ఎక్కిస్తాం. పక్క గడిలో ఎండ, నిద్ర, ఉపవాసం, జలుబు. ఒక్క ఆదివారాన్ని పట్టించుకోం. నాలుగు ఆదివారాల సగటును కిందటి నెల సగటుతో కాక, మూడు నెలల కిందటి దానితో పోలుస్తాం. మేము మొదట 27 నిమిషాలు, ఇప్పుడు 25న్నర. వాచీలో మా అంకె మాత్రం ఒక్కటి కూడా మారలేదు.

ఒక్క విషయంలో నోటుపుస్తకాన్నీ వాచీనీ రెండింటినీ పక్కన పెట్టాలి. మా జట్టులోనే ఇంకొకాయనకు మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది. వాచీ "బాగుంది" అంటోందని మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆయన భార్య గట్టిపట్టు పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తనాళం మూసుకుపోయిందని స్టెంటు వేశారు. ఛాతీ బిగిసినా, ఎడమ చెయ్యి లాగినా, కళ్లు తిరిగినా ఆ వాచీని అడగకండి, డాక్టరు దగ్గరికి పొండి.

భాయ్ సాబ్ ఆగస్టు నుంచి మళ్లీ వస్తున్నారు. వాచీలో అంకె కనబడకుండా అబ్బాయి చేత దాచిపెట్టించారు. నోటుపుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లు ఆదివారం అయిదున్నరకు చెరువు దగ్గరికి వచ్చి ఆయనకు పేరు రాయించండి. వాచీ ఉన్నవాళ్లు పట్టీ కాస్త బిగించుకుని రండి.