దుర్బార్: సోనాగాఛీ ఆడవాళ్ళ సంఘం



ఈ పూట నేను పరిచయం చేయబోయే సంస్థ పేరు దుర్బార్. వినగానే దర్బారు గుర్తుకొస్తుంది, రాజుగారి కొలువూ వింజామరలూ కళ్ళకు కడతాయి. ఆ మాటకూ దీనికీ చుట్టరికం లేదు. బెంగాలీవాళ్ళ నోట వకారం బకారమవుతుంది కదా, ఇది మన దుర్వార శబ్దమే. ఆపతరం కానిది అని అర్థం. పూర్తి పేరు దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ. 1995లో ఉత్తర కలకత్తాలోని సోనాగాఛీలో పుట్టింది. పుట్టించినవాళ్ళు అక్కడి సెక్స్ వర్కర్లే. తమను తాము జౌనకర్మి అని చెప్పుకుంటారు. కర్మి అంటే పని చేసే మనిషి. వాళ్ళకు మన భాషలో ఉన్న పాత మాటల్లో మైకు ముందు పలకదగ్గది ఒక్కటీ లేదు. అందుకని నేనూ వాళ్ళ మాటనే పట్టుకుంటాను.

కథ 1992లో మొదలవుతుంది. అంతకు ఆరేళ్ళ ముందు, 1986లో, మన దేశంలో హెచ్ఐవి ఉన్నట్టు మొదటిసారి మద్రాసులో తేలింది. డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో నిర్మల అనే పరిశోధక విద్యార్థిని సెక్స్ వర్కర్ల దగ్గర రక్త నమూనాలు సేకరించింది. రోగం బయటపడింది, సరే. తర్వాత ఏం చేయాలన్నదానికి అప్పటి సర్కారుకు తోచిన ఉపాయం తాళం. రోగం ఉన్న ఆడవాళ్ళను నిర్బంధ గృహంలో ఉంచేశారు. వ్యవహారం కోర్టుకెక్కితే గానీ వదల్లేదు. ఆ రోగం వాళ్ళకు అంటించిన మగవాళ్ళ సంగతి ఎవరూ ఆరా తీసినట్టు లేదు.

కలకత్తాలో ప్రజారోగ్య సంస్థ ఒకటి ఉంది, అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ. అందులో డాక్టర్ స్మరజిత్ జానా పనిచేసేవారు. కార్మికులకు వృత్తివల్ల వచ్చే జబ్బులు ఆయన చదువు. అచ్చుయంత్రం దగ్గర పనివాడికి సీసం విషమెక్కినట్టు, రాళ్ళు కొట్టేవాడికి ఊపిరితిత్తులు పాడైనట్టు, సోనాగాఛీలో సుఖవ్యాధులు కూడా పనిచేసే చోట పొంచివున్న ప్రమాదమే అన్నట్టు ఆయన చూశారు. (సుఖవ్యాధి! ఎవరి సుఖమో, ఎవరి వ్యాధో. ఈ పేరు పెట్టినవాడు మగవాడే అయివుంటాడు.) ఆ చూపుతోనే సగం పని అయింది. రాళ్ళు కొట్టేవాడికి జబ్బొస్తే నీతులు చెప్పం, గుడ్డ కట్టుకోమంటాం, గాలి ఆడేట్టు చూస్తాం.

1992లో ఆయన బృందం సోనాగాఛీలో చేసిన సర్వేలో తేలిందేమిటంటే, కండోమ్ తప్పకుండా వాడిస్తున్నవాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు. మన ఊళ్ళలో నిరోధ్ అంటామే, అదే. తెలియక వాడటం లేదా? కొంత అదీ ఉంది. కానీ తెలిసినా వాడించలేకపోవడం అసలు చిక్కు. దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఒక గదిలో ఉన్న అమ్మాయి 'అది లేకుండా కుదరదు' అందనుకోండి. వచ్చినవాడు వాదించడు, పక్క గదికి పోతాడు. పక్క గది అమ్మాయి ఒప్పుకుంటుంది, ఆ రోజుకు ఆమెకు బోణీ కాలేదు మరి. ఇక మొదటి అమ్మాయి సంపాదనలో సగం ఇంటి యజమానురాలిది. ఈ పద్ధతిని అక్కడ ఆధియా అంటారు, కౌలు చేలో సగపాలు లాంటిదే. ఆ యజమానురాలిని మాషీ అని పిలుస్తారు, అంటే పిన్ని. వరస కలిపితే లెక్క మారదనుకోండి. పిన్ని వాటా పోగా మిగిలినదాంట్లో గది ఖర్చు, పిల్లాడి పాలు, ఊళ్ళో తల్లికి మనియార్డరు, వీధి రౌడీ మామూలు, పోలీసు మామూలు. వీటన్నిటికీ మించి వడ్డీవాడు. పెట్టెలో డబ్బు దాచుకుంటే తాళం ఎవడు పగలగొడతాడో తెలియదు. బ్యాంకుకు పోతే చిరునామా అడుగుతారు, పరిచయం చేసే ఖాతాదారుణ్ణి తెమ్మంటారు, ఏం చేస్తుంటావమ్మా అంటారు. అందుకని జ్వరమొచ్చినా, పండగొచ్చినా అప్పే. అప్పున్న మనిషి ఎవడికి కాదని చెప్పగలదు?

కాబట్టి జానా బృందం మొదట చేసిన పని, ఆ వాడలోని స్త్రీలనే పనిలోకి తీసుకోవడం. మన జిల్లాల్లో ఆ తర్వాత వాడుకలోకొచ్చిన పీర్ ఎడ్యుకేటర్లు అన్న మాట ఇలాంటివాళ్ళ గురించే. ఆకుపచ్చ కోటు వేసుకుని, బొమ్మల అట్టలు పట్టుకుని పొద్దుటిపూట, బేరాలుండని వేళ, ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ కోటు చిన్న విషయం కాదు. నిన్నటిదాకా పోలీసు 'ఏయ్' అని పిలిచిన మనిషి ఇవాళ కోటు వేసుకుని, చేతిలో కాగితాలతో, ఆస్పత్రి మనిషిలా నడిచిపోతోంది. డాక్టరు చెబితే తలూపి మరిచిపోయే మాట, పక్కింటి అక్క చెబితే చెవికెక్కుతుంది. ఎందుకంటే ఆ అక్కకూ అదే బేరగాడు, అదే పిన్ని, అదే వడ్డీ. ఒక గది కాదంటే బేరం పక్క గదికి పోతుంది, వీధంతా కాదంటే ఎక్కడికి పోతుంది? గౌరవం, భరోసా, గుర్తింపు అనే మూడు మాటలను ఆ కార్యక్రమం సూత్రంగా పెట్టుకుంది. నన్నడిగితే దాని గుట్టు మాత్రం ఈ వీధి లెక్కలోనే ఉంది.

ఆ లెక్క నిలవాలంటే మళ్ళీ డబ్బే కావాలి. అందుకే 1995లోనే ఉషా అనే సహకార సంఘం పెట్టుకున్నారు. రిజిస్ట్రేషనుకు పోతే చట్టం అడ్డొచ్చింది, సభ్యులు సచ్ఛీలురై ఉండాలని. అందుకు అధికారులు చూపిన దారి, వృత్తి దగ్గర గృహిణి అని రాసేయమని. ఎవరికీ నష్టం లేని అబద్ధం, పని జరిగిపోయేది. కానీ వాళ్ళు ఒప్పుకోలేదు. మా వృత్తి పేరుమీదే రిజిస్టరు చేయండి, లేకపోతే ఎందుకు చేయరో చెప్పండి అని పట్టుబట్టారు. చివరికి నిబంధనే తలవంచింది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కన్యాశుల్కంలోని మధురవాణి గుర్తొస్తుంది. నూరేళ్ళకు పైగా ఆమె తెలివికి చప్పట్లు కొడుతూనే ఉన్నాం, ఆమె పేరున ఒక పాసుబుక్కు ఉండాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఉషా మనుషులు డబ్బు వసూలుకు గుమ్మం దగ్గరికే వస్తారు, రోజూ. పదిచ్చినా రాసుకుంటారు. ఆ వాడ పనివేళలకు కౌంటరు వేళలు కుదరవు మరి. అప్పులు మామూలు వడ్డీకే ఇస్తారు. తర్వాత్తర్వాత సభ్యుల సంఖ్య వేలకు చేరింది. పిల్లల చదువుకూ, ఊళ్ళో గుడిసె వేసుకోడానికీ ఇక్కడి అప్పే.

ఫలితం చెప్పాలి. 1990లు ముగిసేసరికి కండోమ్ వాడకం నూటికి ఎనభై దాటింది. సుఖవ్యాధులు తగ్గాయి. బొంబాయి వాడల్లో హెచ్ఐవి సగంమందికి సోకిన కాలంలో సోనాగాఛీలో అది అంతకన్నా చాలా తక్కువగానే ఉంది. 1999లో ఆరోగ్య కార్యక్రమం మొత్తాన్నీ దుర్బార్ తన చేతుల్లోకి తీసుకుంది. మునుపు పరీక్ష చేయించుకున్నవాళ్ళే ఇప్పుడు క్లినిక్ నడిపేవాళ్ళు.

అందరూ మెచ్చుకోలేదు. దీన్ని పని అంటే ఆడపిల్లల వ్యాపారానికి దారి తీసినట్టేనన్న మహిళా సంఘాలున్నాయి. ఆ భయాన్ని తీసిపారేయలేం. దుర్బార్ కూడా తీసిపారేయలేదు. వాడలోకి కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయితో మాట్లాడటానికి స్వయం నియంత్రణ మండళ్ళు పెట్టింది. వాటిలో సెక్స్ వర్కర్లతోపాటు బయటి పెద్దలూ ఉంటారు. పద్దెనిమిదేళ్ళు నిండలేదని తేలినా, బలవంతంగా తెచ్చారని తేలినా వెనక్కి పంపే ఏర్పాటు చూస్తారు. ఏ గదిలోకి ఏ ముఖం కొత్తగా వచ్చిందో వీధిలోవాళ్ళకు తెలిసినంత త్వరగా పోలీసుకు తెలియదు. వాదం అలా ఉండనిద్దాం, ఈ మాట మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి.

మనకూ దీనికీ సంబంధం లేకపోలేదు. ఒకప్పుడు హెచ్ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2003లో మొదలైన అవాహన్ అనే హెచ్ఐవి నివారణ కార్యక్రమం మన జిల్లాల్లోనూ జరిగింది. తోటి స్త్రీలే తోటివారికి చెప్పడం, నడుం వాల్చుకోడానికి ఒక గది, పోలీసు పట్టుకుంటే పరుగున వచ్చే నలుగురు, ఇవన్నీ సోనాగాఛీలో తేలిన దారిలోవే. 2004 నుంచి హెచ్ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఆ మందులు రోజూ తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవాళ్ళ నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ మాట మన పల్లెలకు ఇంకా సరిగ్గా చేరలేదు. అనుమానముంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

డాక్టర్ జానా 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. మరుసటి ఏడాది మేలో సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్లకూ అందరిలాగే గౌరవంగా బతికే హక్కుందని చెబుతూ, చిరునామా రుజువు కోసం పట్టుబట్టకుండా వాళ్ళకు ఆధార్ ఇవ్వమంది. కలకత్తాలో ఒక సెక్స్ వర్కర్ హత్య కేసు మీద మొదలైన విచారణలో వచ్చిన ఉత్తర్వు అది.

సోనాగాఛీకి దగ్గర్లోనే కుమార్‌టులి ఉంది, దుర్గ విగ్రహాలు చేసే కుమ్మరుల పేట. ఆచారం ప్రకారం ఆ విగ్రహంలో ఈ వాడ గుమ్మం ముందరి మట్టి పిడికెడు కలపాలి. మట్టి కావాలి గానీ, ఆ గుమ్మంలోని మనిషి పందిట్లోకి రాకూడదు. ఆ వాడ ఆడవాళ్ళు ఒక దశలో మట్టి ఇవ్వం పొమ్మన్నారు. 2013లో హైకోర్టుదాకా వెళ్ళి అనుమతి తెచ్చుకుని, సోనాగాఛీలోనే తమ పూజ తామే చేసుకున్నారు. మట్టి కోసం ఎవరి గుమ్మానికీ వెళ్ళాల్సిన అవసరం వాళ్ళకు లేకపోయింది.