నిగనిగ పోయేది గాలి వల్ల కాదు, తొందర వల్ల

(గుడియాత్తంలో జరిగిన నేత కార్మికుల సాయంకాలపు సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నేతపని వాళ్ళ సభలో ఫ్లెక్సీ ప్రింటు గురించి మాట్లాడడం ఏమిటని మీలో కొందరికి తోచవచ్చు. మగ్గానికీ ఇంకుజెట్ యంత్రానికీ ఏమి సంబంధం? ఉంది. గుడియాత్తం లుంగీ నేసిన ఇంట్లో పుట్టిన పిల్లవాడే ఈరోజు పొద్దున్నే రాయవేలూరు బస్సెక్కి ప్రింటింగు షాపుకు పోతున్నాడు. వాడూ కార్మికుడే. వాడి కూలిలో కోత పడితే అది మన ఇంటి పొయ్యి మీదనే పడుతుంది.

ఒక సంగతి చెబుతాము. మే నెలలో మన గంగమ్మ సిరసు తిరునాళ్ళకు ముందు మా సభ్యుని కొడుకు పనిచేసే షాపుకు ఆర్డర్లు మీదపడ్డాయి. తెల్లారేసరికి మెరిసే వినైల్ రోలు ఒకటి సిద్ధం కావాలన్నారు. దుమ్ము పడకూడదని కిటికీలన్నీ మూశారు. త్వరగా ఆరాలని హీటరు పెంచారు. ఆరీ ఆరకముందే బిగించి చుట్టారు. తెల్లారి విప్పి చూస్తే అక్కడక్కడా అంటుకుపోయి, మెరుపు చచ్చి, మచ్చలు మచ్చలుగా ఉంది. పిల్లవాడు రాత్రంతా ఆ వాసనలో తలనొప్పితో, వాంతులతో అవస్థపడ్డాడు. పైగా మూడు రోజుల కూలి కోశారు.

మేము వెళ్ళి అడిగాము. "కిటికీ తీస్తే దుమ్ము. దుమ్ము పడితే మెరుపు పోతుంది. మెరుపు కావాలా, గాలి కావాలా?" అన్నారు. ఆరోజు మా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చి పని తెలిసిన వాళ్ళను అడిగాము, ఇంకు డబ్బాలతో వచ్చే కాగితాలు చదివించుకున్నాము. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము.

మనకు తెలిసిన నూలుతోనే మొదలుపెడదాము. మామూలు గాలిలో 100 గ్రాముల ఎండు నూలు సుమారు 8.5 గ్రాముల చెమ్మను పట్టుకుంటుంది. పాలియెస్టరు 0.4 గ్రాము దగ్గరే ఆగిపోతుంది. అందుకే నూలుకు రంగు వేసినంత తేలికగా పాలియెస్టరుకు వేయలేము. ఫ్లెక్సీ, వినైల్ అయితే నీటిని అసలే తాగవు. కాగితం మీద పడిన ఇంకులో కొంత లోపలికి ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది. ప్లాస్టిక్ మీద లోపలికి పోయే దారి లేదు. సాల్వెంటు ఇంకు పై పొరను కాస్త మెత్తబరచి పట్టు చిక్కించుకుంటుంది. ఆ తరువాత సాల్వెంటు అంతా పైకే, గాలిలోకే పోవాలి. దానికి వేరే దారి లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

మెరుపు అంటే ఏమిటి? చెరువు నీళ్ళు కదలకుండా ఉంటే మన ముఖం కనబడుతుంది. అలలు రేగితే కనబడదు. ఇంకు పొర కూడా అంతే. నున్నగా ఆరితే వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది. గరుకుగా ఆరితే వెలుగు చెదిరిపోతుంది, రంగు వెలిసినట్టు కనబడుతుంది.

ఆ నునుపు చెడేది నాలుగు విధాలుగా. ఒకటి, వేడి ఎక్కువైతే పై పొర ముందు గట్టిపడుతుంది. కింద చిక్కుకున్న సాల్వెంటు దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. సూదిరంధ్రాలు, ముడతలు పడతాయి. రెండు, వానాకాలం చెమ్మ గాలిలో త్వరగా ఆవిరయ్యే సాల్వెంటు వాడితే ఇంకు పొర చల్లబడి, దాని మీద తేమ పేరుకుంటుంది. తెల్లటి మసక కమ్ముతుంది. ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో ఈ బెడద ఎక్కువ. మూడు, తడి మీద దుమ్ము. నాలుగు, ఆరకముందే చుట్టడం, దొంతి పెట్టడం. మన పిల్లవాడి రోలుకు పట్టిన గతి మొదటిదీ నాలుగోదీ కలిసి తెచ్చినది. దుమ్ము వల్ల చెడింది కాదు.

మన పెద్దలు పడుగుకు గంజి పెట్టి తెల్లవారగట్ల వీధిలో చాచి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టేవారు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో ఎందుకు పెట్టలేదు? గంజి పెళుసెక్కి పోగు తెగుతుందని. త్వరగా ఎండడం వేరు, సరిగా ఆరడం వేరు. ఆ జ్ఞానమే ఇక్కడా పనికొస్తుంది.

అయితే ఎలా ఆరబెట్టాలి? హీటరును ఇంకు కంపెనీ, వినైల్ కంపెనీ చెప్పిన అంకె మీదనే ఉంచాలి. తేలికరకం సాల్వెంటు ఇంకులకు మామూలుగా 40 నుంచి 50 డిగ్రీలు చాలు. ఇంకా పెంచితే ప్లాస్టిక్కే మెత్తబడి వంకర తిరుగుతుంది. కత్తిరి ఎండల్లో గది అప్పటికే కాగి ఉంటుందని మరవకూడదు. ఫ్యాను గాలి ప్రింటు మీద నేరుగా కొట్టకూడదు, పక్కగా మెల్లగా సాగాలి. ప్రింటును పరిచి గాని, వేలాడదీసి గాని ఉంచాలి. చుట్టక తప్పకపోతే వదులుగా చుట్టి, గాలి ఆడేటట్టు నిలబెట్టాలి. పైన లామినేషన్ వేసేదైతే కనీసం 24 గంటలు ఆగాలి. లేకపోతే లోపలి సాల్వెంటు జిగురును పాడుచేసి పొరను లేపేస్తుంది. ఆరిందో లేదో వేలితో నొక్కి చూడవద్దు. అంచున తెల్ల నూలుగుడ్డతో అద్ది చూడండి.

ఇక గాలి మాట. ఈ సాల్వెంటు ఆవిరి గాలికన్నా బరువు. నేల మీదికి దిగి నిలుస్తుంది. కాబట్టి ఎగ్జాస్టు ఫ్యాను పైకప్పు దగ్గర ఒక్కటి ఉంటే చాలదు, కింద కూడా ఉండాలి. ఎదురుగా మంచి గాలి వచ్చే దారి ఉండాలి. ఆ దారికి వడపోత గుడ్డ కట్టితే దుమ్ము ఆగుతుంది, గాలి ఆగదు. గదిలో ఆవిరి నిండిపోతే ప్రింటు మీది సాల్వెంటు కూడా బయటికి పోలేదు. అంటే ఆ పిల్లవాడి ఊపిరికి కావలసిన గాలే ప్రింటుకూ కావాలి. "మెరుపు కావాలా, గాలి కావాలా" అన్న ప్రశ్నే తప్పు. అగ్గిపెట్టెల ఊరి వాళ్ళం, ఈ ఆవిరికి నిప్పు అంటుకుంటుందని వేరే చెప్పనక్కరలేదు. బీడీ, అగ్గిపుల్ల ఆ గదిలోకి రాకూడదు.

కొన్ని షాపుల్లో యూవీ యంత్రాలు వచ్చాయి. వాటిలో ఇంకు ఆవిరి కావడం కాదు, దీపం వెలుగు తగిలి గట్టిపడుతుంది. చుక్క పడగానే దీపం తగిలితే బొడిపెలుగా నిలిచి మెరుపు తగ్గుతుంది. కాస్త ఆలస్యంగా తగిలితే చుక్కలు పరుచుకుని నున్నబడతాయి. అక్కడా తొందరే శత్రువు. గట్టిపడని ఆ ఇంకు చర్మానికి తగిలితే దద్దుర్లు వస్తాయి. చేతి తొడుగులు వేసుకోవాలి. దీపం వైపు కళ్ళు పెట్టి చూడకూడదు.

చివరగా కూలి కోత. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం అయినా, దాని స్థానంలోకి తెచ్చిన 2019 వేతనాల కోడ్ అయినా ఒకే మాట చెబుతున్నాయి. నష్టం కార్మికుని నిర్లక్ష్యం వల్లనే జరిగిందని తేలాలి. కోసే ముందు అతడు చెప్పుకునేది వినాలి. నష్టం కన్నా ఎక్కువ కోయకూడదు. హీటరు పెంచమన్నదీ, తెల్లారేసరికి చుట్టమన్నదీ యజమాని అయినప్పుడు తప్పు ఎవరిది?

మేము మళ్ళీ ఆ షాపుకు వెళ్ళాము. పోట్లాటకు పోలేదు. ఇప్పుడు మీకు చెప్పిందే కూర్చుని చెప్పాము. రెండు రోజుల కూలి తిరిగి ఇచ్చారు, నేల దగ్గర ఒక ఫ్యాను పెట్టించారు. మూడో రోజు కూలి ఇంకా రావాలి. దాన్ని వదిలిపెట్టము.

ఇంటికి వెళ్ళాక మీ పిల్లల్ని రెండు మాటలు అడగండి: నువ్వు పనిచేసే గదిలో గాలి ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది? జవాబు చెప్పలేకపోతే వాణ్ణి వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. కలిసి వెళ్దాము.